ఈ నీళ్ళు ఎవరివో అడిగాకే గాలం: తీర్థన్, భీమేశ్వరి, వాల్నూరు

గాలం పట్టుకుని యాత్రకు బయల్దేరేవాళ్ళు ముందు రూమ్ చూసుకుంటారు, తర్వాత టికెట్లు, ఆ తర్వాత రాడ్, రీలు. లైసెన్స్ సంగతి అక్కడికెళ్ళాక చూసుకోవచ్చులే అనుకుంటారు. మొదటిసారి మేమూ అలాగే వెళ్ళాం, మా బావా నేనూ. హైదరాబాద్ నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి రాత్రంతా మనాలి బస్సులో కూర్చుని తెల్లారేసరికి ఔట్ దగ్గర దిగి, టాక్సీలో లార్జీ, బంజార్ మీదుగా హిమాచల్‌లో తీర్థన్ ఏటి ఒడ్డునున్న గుషైనీ చేరాం. అది నవంబర్ రెండో వారం. హిమాచల్‌లో ట్రౌట్ అనే చల్లనీళ్ళ చేప ఉండే చోట్ల నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా చేపల వేట నిషేధం అని మాకు గుషైనీలో బ్యాగులు దించాకే తెలిసింది.

బుక్ చేసిన ట్రావెల్స్ వాళ్ళు ఇచ్చిన కాగితంలో రెండో రోజుకి ఎదురుగా "ట్రౌట్ ఫిషింగ్" అని శుభ్రంగా అచ్చు వేసి ఉంది. ఫోన్ చేస్తే "లోకల్‌గా మాట్లాడుకోండి సార్" అన్నారు. లోకల్‌గా మాట్లాడితే తేలింది ఏమిటంటే, మేం దిగిన చోట పనిచేసే కుర్రాడు పొద్దున్నే ఐదింటికి వస్తే ఎవరూ చూడని మడుగు ఒకటి చూపిస్తానని. బావ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అది గుడ్లు పెట్టే కాలం బాబూ, ఇప్పుడు పడితే వచ్చే ఏడు ఏం ఉంటుంది?" అన్నాడు, తనకొచ్చిన కొద్దిపాటి హిందీలో. చిన్నప్పటి నుంచి చెరువు గట్టు మీద పెరిగినవాడు, అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ నాలుగు రోజులూ ఏటి పక్కన నడిచాం, అంతే. కోపం ఉండింది, డబ్బు పోయిన బాధ ఉండింది, కానీ ఆ నడకలోనే ఈ నిషేధం ఎందుకో కళ్ళతో చూశాం. బ్రౌన్ ట్రౌట్ చలికాలంలో లోతు తక్కువగా ఉండే గులకరాళ్ళ మీదికి వస్తుంది, ఆడ చేప తోకతో రాళ్ళను కొట్టి కొట్టి ఒక గుంత చేసి అందులో గుడ్లు పెట్టి మళ్ళీ గులకతో కప్పేస్తుంది. మిగతా అడుగంతా నాచు పట్టి ముదురు రంగులో ఉంటే అక్కడ మాత్రం కడిగినట్టు తెల్లగా, బారెడు పొడవున మెరుస్తూ కనబడుతుంది. నీళ్ళు అంత చల్లగా ఉంటాయి కాబట్టి గుడ్లు పొదగడానికి వారాలు కాదు, నెలలే పడుతుంది. అంటే గాలం వెయ్యకపోయినా సరే, ఆ గులకలో బూట్లేసుకుని నడిస్తే చాలు, కాళ్ళ కింద గుడ్లు నలిగిపోతాయి. ఇది తెలిశాక ఏట్లో కాలు పెట్టాలనిపించలేదు మాకు.

మళ్ళీ తర్వాతి అక్టోబర్ మొదటి వారంలో వెళ్ళాం. ఇదే సరైన కాలం అని నా గట్టి అభిప్రాయం. వానల్లో తీర్థన్ మట్టి రంగులో ఉరుకుతుంది, వానలు వెనకబట్టాక సెప్టెంబర్ ఆఖరు నుంచి తేటపడుతుంది, నవంబర్ 1కి తలుపులు మూసేస్తారు. మధ్యలో ఉన్న ఆ నెల రోజులు బంగారం. మార్చి నుంచి కూడా వెళ్ళొచ్చు గానీ ఎండ ముదిరే కొద్దీ మంచు కరిగి నీరు పెరుగుతుంటుంది, ఎండాకాలం సెలవుల్లో జిభీ, జలోడీ కనుమ చూడ్డానికి వచ్చే జనంతో రూములూ దొరకవు.

ఈసారి ముందు లైసెన్స్, తర్వాతే రూమ్. బంజార్ నుంచి గుషైనీ వెళ్ళే దారిలో నాగిని దగ్గర ఫిషరీస్ శాఖ ట్రౌట్ ఫారం ఉంది, అక్కడే తీసుకున్నాం. మేం వెళ్ళినప్పుడు రోజుకి, రాడ్‌కి వంద రూపాయలు. పేరు, ఆధార్, ఎన్ని రోజులు, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అని అడిగి రాసుకున్నారు. ఇరవై నిమిషాల పని. మొదటిసారి ట్రావెల్స్ వాళ్ళకి కట్టిన డబ్బులో ఇది ఎన్నో వంతో లెక్కేస్తే మనసు చివుక్కుమంటుంది. ఎంత చిన్న చేపని వదిలెయ్యాలి, రోజుకి ఎన్నింటికి మించకూడదు, వల వెయ్యకూడదు, ఇవన్నీ అక్కడున్న ఉద్యోగి ఓపికగా చెప్పాడు. మీరు వెళ్ళినప్పుడు ఈ కొలతలు వాళ్ళనే అడిగి కాగితం మీద రాయించుకోండి, హోమ్‌స్టే వాళ్ళ నోటి మాట మీద వెళ్ళొద్దు. ఇంకో మాట కూడా చెప్పాడు, గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్ గేటు దాటాక ఈ లైసెన్స్ పనికిరాదు. పార్కులోకి నడకకి వెళ్ళాలంటే అటవీ శాఖ పర్మిట్ వేరే, అది సాయి రోపాలో ఇస్తారు, దాంతో నడవొచ్చు గానీ గాలం వెయ్యకూడదు. 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కిన పార్కు అది, తీర్థన్ పుట్టేది దాని లోపలే.

బస విషయానికొస్తే, గుషైనీ చుట్టుపక్కల రెండు రకాలు. రోడ్డు పక్కన ఉన్నవి, ఏరు దాటి వెళ్ళాల్సినవి. దాటి వెళ్ళేవాటిలో కొన్నిటికి వంతెన కూడా ఉండదు, తీగకి వేలాడే బుట్టలో కూర్చుంటే అవతలి నుంచి లాగుతారు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో వెళ్తే రోడ్డు పక్కనే దిగండి. మేం మాత్రం అవతలి ఒడ్డున చెక్క గదిలో ఉన్నాం. కిటికీ తీస్తే నీళ్ళ హోరు, రాత్రి దుప్పట్లు రెండు కప్పుకున్నా చలి, వేడినీళ్ళు బకెట్‌తో అడిగి తెచ్చుకోవాలి, ఫోన్ సిగ్నల్ వస్తే వచ్చినట్టు. గేలానికి వచ్చినవాళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి? గైడ్‌ని మాత్రం తప్పకుండా పెట్టుకోండి. ఆ రాళ్ళ మీద జారితే పట్టుకునేవాళ్ళు ఉండాలి, ఏ రాయి వెనక చేప ఉంటుందో చూపించేవాళ్ళు ఉండాలి. మాతో వచ్చిన పెద్దాయన మొట్టమొదట చేసిన పని, మా స్పిన్నర్ (నీళ్ళలో గిర్రున తిరిగే రేకు ఎర) గాలానికి వెనక్కి తిరిగి ఉండే ముల్లుని ప్లయర్‌తో నొక్కి చదును చెయ్యడం. ముల్లు లేకపోతే చేప జారిపోదా అన్నాను. గాలం దారం వదులు కాకుండా చూసుకుంటే పోదు, వదిలేటప్పుడు దాని నోరూ చిరగదు అన్నాడు.

రెండో రోజు మధ్యాహ్నం బావకి పడింది. పెద్ద రాయి వెనక నురుగు ఆగిపోయి నీరు గుండ్రంగా తిరిగే చోట, మూడోసారి వేసినప్పుడు. పెద్దాయన చేతులు రెండూ నీళ్ళలో ముంచి, తడి చేత్తోనే చేపని నీళ్ళలోనే పట్టుకున్నాడు, పొడి చెయ్యి తగిలితే ఒంటి మీదున్న జిగురు ఊడి దానికి జబ్బు చేస్తుందట. తేనె రంగు ఒళ్ళు, పక్కన ఎర్రటి చుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ పాలిపోయిన వలయం, బొట్టు చుట్టూ గంధం పూసినట్టు. కొలిచే టేపు అక్కర్లేదు, చూడగానే చిన్నదని తెలుస్తోంది. తలని ప్రవాహానికి ఎదురుగా తిప్పి పట్టుకుని ఉంటే మొప్పలు నాలుగైదు సార్లు ఆడాయి, తోక ఒక్క ఊపు ఊపింది, అరచేతిలోంచి జారిపోయింది. బావ చాలాసేపు ఆ చెయ్యి తుడుచుకోలేదు.

ఈ ట్రౌట్ మన దేశపు చేప కాదు. తెల్లవాళ్ళు ముందు కశ్మీర్‌కి తెచ్చారు, 1909లో హోవెల్ అనే బ్రిటిష్ అధికారి అక్కడి నుంచి గుడ్లు తెప్పించి కులు లోయలో పెంచాడు. అది నూరేళ్ళ తర్వాత కూడా తీర్థన్‌లో ఉందంటే నీళ్ళు చల్లగా, తేటగా పారుతున్నాయి కాబట్టే, అవి పారుతున్నాయంటే ఈ ఏటి మీద జలవిద్యుత్ ప్రాజెక్టులు రాకుండా అక్కడివాళ్ళు పోరాడారు కాబట్టే. మాజీ ఎమ్మెల్యే దిలారామ్ శబాబ్ ఆ పోరాటానికి ముందు నిలిచాడు. కింద లార్జీ దగ్గరికొచ్చి బియాస్ మీద ఆనకట్ట చూస్తే తేడా ఏమిటో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

ఇక భీమేశ్వరి. బెంగళూరు నుంచి వంద కిలోమీటర్లు, కావేరి ఒడ్డు. గేలం వేసేవాళ్ళు కథలు కథలుగా చెప్పుకునే చోటు ఇది, ఎందుకంటే ఈ నదిలో మూపు ఎత్తుగా ఉండే మహాశీర్ అనే పెద్ద చేప ఉంటుంది, 1946లో ఈ కావేరికి ఉపనదైన కబినిలో 120 పౌండ్ల చేప, అంటే సుమారు 54 కిలోలది, పట్టిన రికార్డు ఉంది. ఒకప్పుడు భీమేశ్వరి, గాలిబోరె, దొడ్డమాకళి క్యాంపులకి విదేశాల నుంచి కూడా వచ్చేవాళ్ళు, రాగి ముద్ద ఎర పెట్టి పట్టి, తూకం చూసి వదిలేసేవాళ్ళు. ఇప్పుడు అక్కడ గాలం వెయ్యడానికి వీల్లేదు. కావేరి అభయారణ్యం కాబట్టి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది, ఆ చట్టంలో పట్టుకోవడం కూడా వేట కిందికే వస్తుంది, వదిలేస్తాం అన్నా సరే. కొన్ని ట్రావెల్ పేజీల్లో ఇంకా "ఫిషింగ్ క్యాంప్" అనే పాత పేరే కనబడుతుంది, అది చూసి రాడ్ మోసుకెళ్ళొద్దు.

అయినా వెళ్ళమనే చెప్తాను. కర్ణాటక ప్రభుత్వ సంస్థ జంగిల్ లాడ్జెస్ వాళ్ళ బస బాగుంది, తిండి వేళకి పెట్టారు, పుట్టిలో నది మీద తిప్పారు, చెట్ల మీద కూర్చున్న బూడిద రంగు పెద్ద ఉడతల్ని చూపించారు. అయితే ఈ నిషేధం గురించి నా మనసు ఇప్పటికీ రెండుగా ఉంది. ఒకప్పుడు దొంగ వేట చేసినవాళ్ళే ఆ క్యాంపుల్లో గైడ్లుగా మారి నదికి కాపలా ఉండేవాళ్ళు. వాళ్ళ పని పోతే డైనమైట్ వేసేవాడిని ఆపేదెవరు అన్న భయం గేలం వాళ్ళకి అప్పటి నుంచీ ఉంది. మరోపక్క, ఆ మూపు మహాశీర్‌ని 2018లో అంతరించిపోయే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో చేర్చారు. అంత తక్కువగా మిగిలిన చేప నోట్లోకి నా సరదా కోసం ఇనుము దించాలా అని ఒడ్డున కూర్చుని చాలాసేపు ఆలోచించాను. నేనైతే వెయ్యను.

వాల్నూరు అదే కావేరి మీద పైన, కొడగులో. ఇక్కడ కూర్గ్ వైల్డ్‌లైఫ్ సొసైటీ వాళ్ళు లైసెన్స్ ఇస్తారు, పట్టిన చేపని వదిలెయ్యాలి, అది కచ్చితం. వీళ్ళకి ముందే ఫోన్ చేసుకుని వెళ్ళడం ముఖ్యం, నేరుగా నది దగ్గరికి పోయి అక్కడ ఎవరినో పట్టుకుందాం అనుకుంటే పని జరగదు. మేం కాఫీ తోటలో ఒక ఇంట్లో దిగాం, ఇల్లు బాగుంది, భోజనం బాగుంది, నదికి మాత్రం రోజూ జీపు మాట్లాడుకోవాల్సి వచ్చింది. రెండు రోజుల్లో ఒక చిన్న మహాశీర్ తప్ప ఏమీ పడలేదు. ఒక కాపలాదారు వచ్చి లైసెన్స్ అడిగి, తేదీ చూసి, గాలం ముల్లు కూడా చూసి వెళ్ళాడు. ఇన్ని చోట్ల తిరిగితే నన్ను ఆపి కాగితం అడిగింది అతనొక్కడే, ఆ చోటు మీద నమ్మకం అక్కడే కుదిరింది.

చేపల వేట రాష్ట్రాల చేతిలో ఉన్న విషయం, అందుకే హద్దు దాటితే రూల్ మారిపోతుంది. హిమాచల్‌లోనే చూడండి, ట్రౌట్ నీళ్ళకి చలికాలం నిషేధమైతే కింద మామూలు నదులకీ జలాశయాలకీ వానాకాలంలో రెండు నెలలు నిషేధం. ఒకచోట ఫిషరీస్ శాఖ, ఒకచోట సొసైటీ, అడవి అయితే అటవీ శాఖ. డైనమైట్, విషం మాత్రం దేశమంతటా నేరమే, 1897 నాటి చట్టం నుంచీ.

మరి మన చెరువుల సంగతి? వాల్నూరు నుంచి వచ్చాక బావకి ఇదే పట్టుకుంది. ఇన్నేళ్ళూ ఊరి చెరువులో అడక్కుండానే వేశాం కదా, ఆ చేపపిల్లల్ని వదిలింది మత్స్యకారుల సహకార సంఘం కదా అని. ఆ ఆదివారమే సంఘం అధ్యక్షుడి ఇంటికి వెళ్ళాం. ఆయన ముందు ఆశ్చర్యపోయాడు, ఒక్క గాలానికి అడగడానికి వచ్చారా అని. తర్వాత కుర్చీలు వేయించి, టీ ఇప్పించి, వెయ్యండి నాయనా అన్నాడు. రాగండి, బొచ్చె పడితే వదిలెయ్యమన్నాడు, అవి సంఘం వదిలిన పిల్లలు. జెల్లలు, కొర్రమీను మీ ఇష్టం. ఒక్క షరతు మాత్రం వేలు చూపించి మరీ చెప్పాడు. "గట్టు వార నీళ్ళ మీద ఎర్రగా పిల్లల గుంపు తేలుతూ కనబడిందనుకో, కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. గుంపులో గాలం పడితే అవి మీదికొచ్చి కొరుకుతాయి, పట్టడం చాలా తేలిక. అక్కడ వెయ్యొద్దు."

తూము దగ్గర కూర్చుని గంట కూడా కాలేదు, తుంగ పక్కన చారెడంత మేర నీళ్ళు చినుకులు పడ్డట్టు కదిలాయి. వందల పిల్లలు, ఒక్కోటి అగ్గిపుల్ల అంత కూడా లేదు, ఎర్రగా. వాటి కింద నల్లటి వీపు ఒకటి మెల్లగా అటూ ఇటూ తిరుగుతోంది. బావ నా వైపు చూశాడు, తంగూసు చుట్టేసుకున్నాడు, ఎర్రల డబ్బా తీసుకుని అవతలి గట్టుకి నడిచాడు.