ఇంటి సామాన్ల లెక్క: నోటుబుక్కా, ఫోన్ వీడియోనా?

2021 నవంబరు వానలప్పుడు తిరుపతిలో మా వీధంతా నీళ్లే. మాది కింది పోర్షన్, మోకాటి దాకా వచ్చేశాయి. నీళ్లు దిగాక ఇంటి బీమా కంపెనీ తరఫున నష్టం లెక్కగట్టే సర్వేయర్ వచ్చి "ఏమేం పోయాయో రాసివ్వండి, బిల్లులుంటే జతచేయండి" అన్నాడు. అమ్మ ఏ వస్తువు కొన్నా తేదీ, ధర పుస్తకంలో రాసిపెట్టేది, ఆ పుస్తకమేమో బీరువా అడుగు అరలో ఉండిపోయింది. తీసి చూస్తే పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి, నీలం ఇంకు మరకలు తప్ప ఒక్క అంకె కనబడలేదు. చివరికి మమ్మల్ని ఆదుకున్నది చెల్లెలి సీమంతం వీడియో. మదనపల్లెలో చెల్లెలి ఫోన్‌లో ఉంది కాబట్టి దక్కింది, అందులో టీవీ, సోఫా, ఫ్రిజ్ అన్నీ కనిపించాయి.

అందుకే నా ఓటు వీడియోకే. ఇరవై నిమిషాల్లో ఇల్లంతా తీసేయొచ్చు, బీరువా తలుపులు, వంటింటి అరలు కూడా తెరిచి తీయండి, ఎందుకంటే రాసేటప్పుడు మనం మరిచిపోయేవి అక్కడి స్టీలు సామాన్లు, చీరలే. కాకపోతే ఉత్త వీడియోలో ధర, కొన్న సంవత్సరం తెలియవు, తీస్తూనే నోటితో చెప్పాలి. మోడల్, సీరియల్ నంబర్లుండే స్టిక్కర్ దగ్గర ఫోన్ కదపకుండా రెండు మూడు సెకన్లు పట్టుకోండి. మా ఫ్రిజ్‌కు అది లోపల కూరగాయల ట్రే పక్కన ఉంది, టీవీకి వెనకాల.

పుస్తకం గెలిచేది ధరల దగ్గరే. అయినా ఆ పేజీకి ఫోటో తీసుకోకపోతే మా అమ్మ పుస్తకం గతే. షోరూముల్లో ఇచ్చే నున్నటి కాగితం బిల్లులైతే నీళ్లు తగలకపోయినా కొన్నాళ్లకు తెల్లకాగితాలైపోతాయి, ఇంటికి తెచ్చిన రోజే ఫోటో తీయండి. ఎక్సెల్ షీటు మంచిదే గానీ, ఇంట్లో దాన్ని ఓపిగ్గా నింపే మనిషి ఉంటేనే.

"భారత్ గృహ రక్ష తీసుకున్నాం కదా, జాబితా ఎందుకు?" అని చాలామంది అడుగుతారు. 2021 ఏప్రిల్ 1 నుంచి ఉన్న ఈ ఇంటి బీమా పాలసీలో ఇంటికి బీమా చేస్తే ఆ మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా, జాబితా ఇవ్వకపోయినా సామాన్లకు వర్తిస్తుంది. అంటే 30 లక్షల ఇంటికి 6 లక్షలు. కానీ పాలసీ తీసుకునేటప్పుడు అడగని జాబితా క్లెయిమ్ రోజున అడుగుతారు, పోయినవేంటో చూపించాల్సింది మనమే. నగలు ఇందులో రావు, వాటికి విడిగా కవర్ తీసుకోవాలి. ఒక్కో నగకు బరువు, ఫోటో, కొత్త వాటికైతే హాల్‌మార్క్ పక్కనుండే హెచ్‌యూఐడీ (అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే, ఆ నగకే ప్రత్యేకమైన గుర్తింపు కోడ్) కూడా రాసుకోండి.

భోగికి ఇల్లు దులిపేటప్పుడు చేద్దామని ఆగకండి. మా తిరుపతి వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, నేను ఆయుధపూజకు సామాన్లన్నీ తుడిచేటప్పుడే తీసేస్తాను. తీసిన వెంటనే ఒక కాపీ గూగుల్ డ్రైవ్‌లోకి, ఇంకొకటి మదనపల్లె చెల్లెలికి.