బ్రూనో వెనక కాళ్ల హార్నెస్: నాలుగేళ్లు వాడాక

వెనక కాళ్లు బలహీనపడిన కుక్కను ఆసరాగా పట్టి నడిపించే పట్టీ ఈ హార్నెస్. దీనికి రివ్యూల్లో ఐదు చుక్కలిచ్చినవాళ్లు చాలామంది ప్యాకెట్ విప్పిన రోజే రాసినట్టున్నారు. నేను నాలుగేళ్లు వాడి రాస్తున్నా. మాది తిరుపతి బైరాగిపట్టెడలో మేడమీద ఇల్లు, పద్దెనిమిది మెట్లు. బ్రూనో లాబ్రడార్, ఇప్పుడు ఆరేళ్లు.

పద్నాలుగో నెలలో మెట్లెక్కేటప్పుడు వెనక కాళ్లు రెండూ కలిపి కుందేలులా దూకడం మొదలుపెట్టాడు. మాకది ముద్దొచ్చి వీడియోలు కూడా తీశాం. తర్వాత పడుకుని లేవడానికే తంటాలు పడుతుంటే ఒక క్లినిక్‌లో చూపించాం. కాల్షియం తక్కువని సిరప్ రాశారు. రెండు నెలలు పోశాం. ఎదిగే వయసులో పెద్ద జాతి కుక్కపిల్లలకు అదనపు కాల్షియం మేలు కాదు సరికదా, కీళ్ల ఎదుగుదలనే చెడగొడుతుందని తర్వాత తెలిసి కడుపు మండింది. చివరికి మన వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలో మత్తిచ్చి, కాళ్లు వెనక్కి చాపి ఎక్స్‌రే తీశారు. రెండు వైపులా హిప్ డిస్‌ప్లేసియా, అంటే తుంటి కీలు సరిగా అమరకపోవడం.

రుబ్బురోలు చూసినవాళ్లకు ఈ జబ్బు తేలిగ్గా అర్థమవుతుంది. గుంట లోతుగా ఉంటే పొత్రం కుదురుగా తిరుగుతుంది. గుంట పల్చగా ఉంటే పక్కకు జారుతూ అంచులు అరగదీస్తుంది. తుంటి కీలులో జరిగేదీ అదే. అరిగిన చోట వాపు, ఆపైన కీళ్లవాతం. ఎక్కువగా వంశపారంపర్యంగా వచ్చే గుణమే. అమ్మినాయన కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) కాగితాలు గర్వంగా చూపించాడు. అవి వంశం చెప్తాయి, తుంటి సంగతి చెప్పవు. మేం అడగాల్సింది తల్లిదండ్రుల ఎక్స్‌రేలు. అడగలేదు.

హార్నెస్ విషయానికొస్తే, నేను మొదట కొన్నది కాళ్లు దూర్చే రకం. నెలలోపే గజ్జల్లో ఒరుసుకుని పుండు పడింది. రెండోది పొట్ట కింద చుట్టే వెడల్పు పట్టీ, పైన రెండు పిడులు. ఇదే నిలిచింది. కానీ మగకుక్కలకు ఒక చిక్కుంది: పట్టీ కాస్త వెనక్కి జరిగితే ఉచ్చంతా దానిమీదే. రోజూ ఉతకాల్సిందే, కాబట్టి రెండు ఉండాలి. వెల్క్రోకు బొచ్చు పట్టుకుని ఎనిమిది నెలల్లో పట్టు పోయింది. బ్యాగులు కుట్టే ఆయన దగ్గర బకిల్ వేయించాను. ఆ బకిల్ ఇప్పటికీ ఉంది, కంపెనీ కుట్టే పోయింది.

దాంతో కుక్కను ఎత్తకూడదు. బరువులో కొంత మాత్రం మనం మోయాలి, కాళ్లు వాడే వేయాలి. మెట్ల మీద, కారు ఎక్కేటప్పుడు ఇది నిజంగా దేవుడిలా ఆదుకుంది. కానీ నిజం చెప్పాలంటే, కొత్తది రాకముందు వారం రోజులు అమ్మ పాత నూలు చీర మడిచి వాడాం. పనిలో పెద్ద తేడా లేదు.

ఇంట్లో అసలు శత్రువు గ్రానైట్ నేల. కాళ్లు జారి చెరో పక్కకూ పోతే ఆ రోజంతా కుంటేవాడు. కొబ్బరిపీచు పట్టాలు వేస్తే పట్టాతో సహా జారాడు. అడుగున రబ్బరున్న మ్యాట్లు హాలు నుంచి వంటింటి గుమ్మం దాకా పరిచాం. ఇల్లు చూడ్డానికి జిమ్ములా ఉంది, ఏం చేస్తాం. గోళ్లు, పాదాల మధ్య బొచ్చు కత్తిరిస్తుంటే పట్టు ఇంకా దొరుకుతుంది.

అన్నిటికన్నా పనిచేసింది మాత్రం వీధి చివర బియ్యం అంగడి కాటా. అప్పటికి వాడు 41 కేజీలు. అమ్మ చాటుగా పెట్టే ఇడ్లీలు, పెరుగన్నం ఒకెత్తు. కొండకెళ్లొచ్చిన చుట్టాలు 'ప్రసాదమే కదా' అని లడ్డూ ముక్క పెట్టడం ఇంకో ఎత్తు. అందులో ఎండుద్రాక్ష ఉంటుంది, అది కుక్కల కిడ్నీలకు విషం. దేవుడి పేరు చెప్పినా వద్దనడం నాకు చాలా కష్టమైంది. డాక్టరు గారు 2002లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పారు: 48 లాబ్రడార్లలో సగానికి జీవితాంతం పావువంతు తిండి తగ్గిస్తే, అవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్లవాతం కూడా ఆలస్యంగా వచ్చింది. రాగి సంగటి తగ్గించి, కొలిచి పెట్టి, పద్నాలుగు నెలల్లో 33కి తెచ్చాం. ఆ తర్వాతే హార్నెస్ అవసరం సగానికి పడిపోయింది.

కీళ్లకు మంచిదని గ్లూకోసమైన్ సిరప్ రెండేళ్లు పోశాను. ఆపాక తేడా ఏమీ కనిపించలేదు. దానికి గట్టి రుజువులు కూడా లేవు. చేపనూనె కొనసాగిస్తున్నాను. నొప్పి ముదిరిన రోజుల్లో డాక్టరు రాసిన మెలోక్సికామ్, అదీ అప్పుడప్పుడూ రక్తపరీక్ష చేయిస్తూ. ఒకసారి మా బావ సలహా విని మనుషుల నొప్పి మాత్ర ఐబుప్రొఫెన్ ఇచ్చాను. రెండు రోజులు వాంతులు. ఆ తప్పు నాదే, మీరు చేయొద్దు.

ఆపరేషన్లు లేకపోలేదు. తుంటి బంతి తీసేసేది బరువు తక్కువ కుక్కలకు బాగా నప్పుతుంది, కీలు మొత్తం మార్చేదానికి ఖర్చు చాలా ఎక్కువ. మేం అంతదాకా వెళ్లలేదు. చంద్రగిరి దగ్గర బంధువుల తోటలో నీళ్ల తొట్టి ఉంది, వేసవిలో వారానికి రెండుసార్లు ఈదిస్తాం. ఆ పూట పట్టీ అక్కర్లేదు.

కొనాలనుకుంటే పిడి పొడవు మీ ఎత్తుకు తగ్గట్టు ఉందో లేదో చూడండి. నాది పొట్టి, నాలుగేళ్లుగా వంగి నడుస్తున్నా. ఇప్పుడు నా నడుముకే ఒక పట్టీ కావాలి.