నెల్లూరులో డాక్టర్ హూ స్పెషల్స్ సెట్టు కొనేవాళ్ళు డబ్బు కట్టకముందే ఇది చదవండి

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు డాక్టర్ హూ (డాక్టర్ అనే కాలయాత్రికుడి కథలు చెప్పే బీబీసీ సైన్స్ ఫిక్షన్ సీరియల్) చూసేవాళ్ళం వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే ఉంటాం. అందుకే మన ఊళ్ళోనే ఎవరైనా "ఇంగ్లండ్ నుంచి తెప్పించిన ఒరిజినల్ బాక్స్ సెట్టు" అనగానే ప్రాణం లేచొస్తుంది. అలాంటి సెట్టు ఒకటి నెల్లూరులో ఒక దుకాణంవాళ్ళు అమ్ముతున్నారు. డాక్టర్‌గా డేవిడ్ టెనెంట్ నటించిన అప్పటి చివరి స్పెషల్స్ (సీజన్లో భాగం కాకుండా విడిగా వచ్చే కథలు), ఐదు డీవీడీలు, 2,600 రూపాయలు. దుకాణం పేరు ఇక్కడ రాయను, ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. సరుకు గుర్తులు మాత్రం చెబుతాను, మీకే అర్థమవుతుంది.

అది డూప్లికేట్ అన్నది సగం గొడవే. అసలు గొడవ, లోపల కథలు సరిగ్గా లేవు.

ఈ సెట్టులో ఏముండాలో ముందు చెప్పాలి. 2009లో ఈ సీరియల్‌కి మామూలు సీజన్ లేదు. బీబీసీ దాని బదులు విడివిడిగా స్పెషల్స్ ప్రసారం చేసింది. 2008 క్రిస్మస్‌కి వచ్చిన 'ది నెక్స్ట్ డాక్టర్', 2009 ఏప్రిల్‌లో 'ప్లానెట్ ఆఫ్ ది డెడ్', నవంబర్ 15న 'ది వాటర్స్ ఆఫ్ మార్స్', ఆ క్రిస్మస్‌కి ఒక భాగం, 2010 జనవరి 1న రెండో భాగంగా 'ది ఎండ్ ఆఫ్ టైమ్'. నాకు అమ్మిన సెట్టులో మొదటి రెండు డిస్కులు బాగానే ఆడాయి. మూడో డిస్కు మీద 'వాటర్స్ ఆఫ్ మార్స్' అని అందంగా అచ్చేశారు. పెడితే మళ్ళీ అదే ఎడారి, అదే ఎర్ర డబుల్ డెక్కర్ బస్సు. ప్లానెట్ ఆఫ్ ది డెడ్‌నే రెండోసారి కాపీ కొట్టి పెట్టారు!

ఆ బస్సు మీద నాకు కోపం లేదు. షూటింగ్ కోసం దుబాయ్‌కి పంపిస్తే అక్కడ కంటైనర్ తగిలి పైభాగం నుజ్జయింది. వాళ్ళు ఆ దెబ్బను కథలో కలిపేసుకుని, గ్రహం దాటేటప్పుడు అలా అయిందని చూపించారు. ఆ తెలివికి నేను దణ్ణం పెడతాను. సరదా కథ, సెలవురోజు కథ. కానీ ఒకే సెట్టులో రెండుసార్లు చూడాల్సినంత గొప్పది కాదు, అదీ వాటర్స్ ఆఫ్ మార్స్‌ను తీసేసి!

కథ తెలియనివాళ్ళు ఇక్కణ్ణించి రెండు పేరాలు వదిలేసి, గుర్తుల దగ్గరికి వెళ్ళిపోండి.

నా లెక్కలో 2005లో ఈ సీరియల్ మళ్ళీ మొదలైన తర్వాత వచ్చిన స్పెషల్స్ అన్నిటిలో పైమెట్టు వాటర్స్ ఆఫ్ మార్స్‌దే. 2010లో దానికి సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే హ్యూగో అవార్డు కూడా వచ్చింది. 2059లో అంగారకుడి మీద తొలి మానవ స్థావరం, దానికి కెప్టెన్ అడిలైడ్ బ్రూక్. ఆ రోజు వాళ్ళందరూ చనిపోతారని డాక్టర్‌కి ముందే తెలుసు. ఆమె చావు వల్లే ఆమె మనవరాలు నక్షత్రాల దాకా వెళుతుంది, కాబట్టి దాన్ని మార్చకూడదు. డాక్టర్ స్థావరం వదిలి నడుచుకుంటూ వెళుతుంటే లోపలివాళ్ళ కేకలు హెల్మెట్‌లో వినిపిస్తుంటాయి చూశారా, అక్కడ ఆయన ముఖం చూడాలి. వెనక్కి తిరుగుతాడు. కాలం నియమాలు ఇక తన మాటే వింటాయని విర్రవీగి ఆమెను భూమ్మీదకి తెచ్చేస్తాడు. ఆమె మంచులో తన ఇంటి ముందు నిలబడి ఆయన్ని చూసే చూపులో కృతజ్ఞత లేదు, భయం ఉంది. ఇంట్లోకి వెళ్ళి తన ప్రాణం తానే తీసుకుంటుంది. పిల్లలతో కూర్చుని చూసే సీరియల్లో హీరోని ఇంత తప్పు మనిషిగా చూపించడానికి దమ్ముండాలి. సరిగ్గా ఆ డిస్కే లేదు. అది లేకపోతే నాలుగో డిస్కు కూడా దెబ్బతింటుంది. ఎండ్ ఆఫ్ టైమ్ మొదట్లో డాక్టర్ మెడలో పూలదండ, తలమీద టోపీతో ఊడ్ అనే జీవుల గ్రహం మీద దిగుతాడు. వాటర్స్ చూసినవాళ్ళకి అది చావు పిలుపు నుంచి తప్పించుకు తిరుగుతున్న మనిషి వేషం. చూడనివాళ్ళకి ఉత్త కామెడీ.

ఐదో డిస్కు సంగతి ఇంకా ఘోరం. డాక్టర్ శత్రువులు మాస్టర్ పోయాడు, రాసిలాన్ పోయాడు, తాను బతికే ఉన్నానని డాక్టర్ నేలమీద పడి నమ్మలేకుండా ఉంటాడు. అప్పుడు అద్దాల గదిలోంచి డాక్టర్ స్నేహితుడైన ముసలాయన విల్ఫ్రెడ్ మెల్లగా తడతాడు, నాలుగుసార్లు. డాక్టర్ చావు గురించి "నాలుగుసార్లు తడతాడు" అన్న జోస్యం ప్లానెట్ ఆఫ్ ది డెడ్ నుంచి వెంటాడుతున్నదే. మనం ఇంతకాలం మాస్టర్ గురించి భయపడితే, తట్టింది ప్రాణమిచ్చే మనిషి. విల్ఫ్రెడ్‌గా బెర్నార్డ్ క్రిబిన్స్ ఆ ముఖం ఎట్లా పెట్టాడో! నాలుగో తట్టు కాగానే డిస్కు ఆగిపోయి మెనూకి వచ్చేసింది. పాడై ఆగింది కాదు, ఫైలే అంతవరకు ఎక్కించారు. ఆ తర్వాత వచ్చే వీడ్కోళ్ళు బాగా సాగదీశారని నేనే ఎప్పుడూ వాదిస్తుంటాను. సాగదీశారో లేదో తేల్చుకోవాల్సింది చూసేవాళ్ళు, దుకాణంవాడికేం పని? "నాకు వెళ్ళాలని లేదు" అని డాక్టర్ చివరగా అనే మాటా లేదు, తర్వాతి డాక్టర్‌గా మాట్ స్మిత్ రావడమూ లేదు.

తీసుకెళ్ళి అడిగితే వచ్చిన సమాధానం ఇది: "ఏంది సార్, అన్నీ ఆడతా ఉండాయి గదా! అంతా ఇంగిలీషేగా, ఒకటి తగ్గితే ఏమైపోద్ది?" ఆ మాట అన్నాయనకి డాక్టర్ హూ అంటే ఏదో ఆసుపత్రి సీరియల్. ఆయన ధీమా అదే. లోపల ఏముందో పోల్చుకునేవాళ్ళు ఈ జిల్లాలో లేరని.

కొనేముందు బాక్సు తెరిచి చూపించమనండి. తెరవనంటే వదిలేయండి. డిస్కు వెనక్కి తిప్పి వెలుతురులో పట్టుకోండి. కంపెనీలో అచ్చయిన డీవీడీ వెండి రంగులో గానీ లేత బంగారు ఛాయలో గానీ ఉంటుంది, ఇంట్లో రాసుకునే డిస్కు ఊదా ఛాయ కొడుతుంది. నాకు వచ్చినవి ఐదూ ఊదావే. అసలు డిస్కు మధ్య రంధ్రం చుట్టూ ఉన్న అద్దంలాంటి రింగులో సన్నగా అంకెలు, అక్షరాలు చెక్కి ఉంటాయి. మనదేశంలో అమ్మే దిగుమతి సరుకు ప్యాకెట్టు మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎంఆర్‌పీ ఉండి తీరాలి. దీని మీద ఒక్కటీ లేదు. కవరు మీది అక్షరాలు కూడా కొంచెం మసగ్గా ఉన్నాయి, ఫొటో తీసి జిరాక్స్ కొట్టినట్టు.

అసలు సరుకు కొనేవాళ్ళకీ ఒక మెలిక ఉంది. ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో చెప్పే రీజియన్ నంబరు డిస్కుకి ఉంటుంది. ఇంగ్లండ్ డీవీడీలకి రీజియన్ 2, మనకి 5. బ్లూరే అయితే వాళ్ళది బి, మనది సి. మీ ప్లేయర్ అన్ని రీజియన్లూ తీసుకోకపోతే ఒరిజినల్ కూడా ఆడదు. ఇక బ్లూరే అన్నారని నెక్స్ట్ డాక్టర్‌లో గొప్ప స్పష్టత ఆశించకండి. ఈ సీరియల్ హెచ్‌డీలో తీయడం మొదలైందే ప్లానెట్ ఆఫ్ ది డెడ్‌తో.

ఇంకో మాట. ఈ సెట్టు అసలు పేరు 'ది కంప్లీట్ స్పెషల్స్'. ఆ పేరు చూపించి "ఇప్పటిదాకా వచ్చిన స్పెషల్స్ అన్నీ ఇందులోనే" అని అమ్ముతున్నారు. పచ్చి అబద్ధం. ఒరిజినల్‌లో కూడా ఉండేవి పైన చెప్పినవే. కైలీ మినోగ్ నటించిన 2007 క్రిస్మస్ కథ గానీ, 50 ఏళ్ళ పండుగకి 2013 నవంబర్ 23న ఒకేసారి 94 దేశాల్లో వేసిన 'ది డే ఆఫ్ ది డాక్టర్' గానీ, 60 ఏళ్ళకి 2023లో టెనెంట్ తిరిగొచ్చిన మూడు కథలు గానీ ఇందులో ఉండవు. ఆ మూడింటిలో 'వైల్డ్ బ్లూ యాండర్' ఒక్కటి చాలు, మిగతా రెండూ చూడకపోయినా నష్టం లేదంటాను. ఒంగోలులో మా తమ్ముడు ఒప్పుకోడు, అది వేరే పంచాయితీ.

మోసపోయినవాళ్ళు 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, 5 లక్షల లోపు సరుకుకి ఫీజు కట్టక్కర్లేదు. బిల్లు లేదంటే యూపీఐ రసీదైనా దాచుకోండి. నేను హెల్ప్‌లైన్‌కి చెప్పాక దుకాణం నుంచి ఫోన్ వచ్చింది, సగం డబ్బు వెనక్కి ఇస్తాం, ఊరుకోమని. ఊరుకోనన్నాను. ఇదే సెట్టు ఎవరైనా కొని, మొదటి డిస్కు చూసి బాగుందని బీరువాలో పెట్టేసి ఉంటే, ఇవాళే మూడోది పెట్టి చూడండి. బస్సు కనిపిస్తే డిస్కు ఫొటో, రసీదు నాకు పంపండి. నలుగురం కలిసి వేస్తే కేసు గట్టిగా ఉంటుంది.