తిరుపతిలో మడత కత్తి కొనేవాళ్లకు జాగ్రత్త: ‘క్లిప్ రెండు పక్కలా మారుతుంది’ అంటే కళ్లారా చూసే డబ్బులివ్వండి

తిరుపతిలో ఆ అన్న దగ్గర మడత కత్తి కొందామనుకుంటున్నవాళ్లు కాస్త ఆగి ఇది చదవండి. షాపు పేరు రాయను. టమోటాను గాల్లో కోసి రీళ్లు పెట్టే ఆయన అంటే మీలో చాలామందికి అర్థమైపోతుంది. నిన్న సాయంత్రం జరిగింది. కోపం ఇంకా దిగలేదు, చెప్పేది అటూ ఇటూ అయితే సర్దుకోండి.

నేను డ్రిప్ ఫిట్టింగ్ పని చేస్తాను. పాకాల, దామలచెరువు, పూతలపట్టు వైపు మామిడి తోటలు. పొద్దున్నుంచి 16 ఎం.ఎం. లాటరల్ పైపులు (చెట్ల వరుస వెంట నీళ్లు తీసుకుపోయే సన్న పైపులు) కోయడం, బిగించడం, మళ్లీ కోయడం. కత్తి లేకుండా గంట గడవదు. నాది ఎడమచేతి వాటం. ఆ సంగతి కొనకముందే చెప్పాను. కత్తిని జేబు అంచుకు తగిలించే క్లిప్ ఎడమ పక్కకు మారుతుందా అని వాట్సాప్‌లో అడిగితే, ‘రెండు పక్కలా హోల్స్ ఉన్నాయన్నా, మూడు స్క్రూలు విప్పి అటు బిగించుకోవడమే’ అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. రెండో పక్క హోల్స్ కనిపించేలా ఫొటో కూడా పంపాడు. 1,650 రూపాయలు ఫోన్‌పే కొట్టాను. కత్తి ఇంటికొచ్చింది.

బ్లేడు బాగుంది, ఆ విషయంలో అబద్ధం చెప్పను. పదును ఉంది, లాక్ గట్టిగానే పడుతోంది. నా గొడవంతా క్లిప్ గురించే.

క్లిప్ గురించి ఇంత రాద్ధాంతమా అనేవాళ్లు ఉంటారు. ఆ షాపాయన కూడా అదే అన్నాడు, అక్కడికి వస్తాను. ముందు ఆ క్లిప్ ఏం చేస్తుందో చెప్పనివ్వండి. క్లిప్ లేని కత్తి జేబు అడుగున అడ్డంగా పడుకుంటుంది. తాళాలు, చిల్లర, ఫోను అన్నీ దాని మీదే. కాలువలో గొంతుకూర్చుని ఒక చేత్తో పైపు పట్టుకున్నప్పుడు రెండో చేత్తో జేబంతా దేవులాడాలి. కూర్చుంటే ప్యాంటు తొడ దగ్గర బిగుసుకుపోతుంది, చెయ్యి లోపలికి దూరదు. లేవాలి, పట్టుకున్న పైపు వదలాలి. వదిలిన పైపులోకి మన్ను పోతుంది, ఆ మన్ను పోయి డ్రిప్పర్లో కూర్చుంటుంది, చెట్టుకు నీళ్లు అందవు. వారం తర్వాత రైతు ఫోన్ చేసి నన్నే తిడతాడు.

క్లిప్ ఉన్న కత్తి జేబు అంచుకు నిలువుగా వేలాడుతుంది. ఎప్పుడూ ఒకే చోట, ఒకే వైపు తిరిగి ఉంటుంది. రెండు వేళ్లు పోతే చాలు, కిందికి చూడక్కర్లేదు. వంగినా, బండెక్కినా, కొమ్మల కింద దూరినా జారిపోదు. తోటలో జారిపడిన కత్తి ఎండుటాకుల్లో దొరకడం ఎంత కష్టమో తోట పని చేసినవాళ్లకు తెలుసు. 1981లో అమెరికాలో స్పైడర్కో కంపెనీ వర్కర్ అనే మడత కత్తి తెచ్చింది. బ్లేడులో గుండ్రటి రంధ్రం, పిడికి క్లిప్. ఒంటి చేత్తో తీసి, ఒంటి చేత్తో తెరవడానికి. అంతకుముందు మడత కత్తి అంటే జేబు అడుగునో, బెల్టుకు తగిలించిన తోలు సంచిలోనో ఉండేది. ఇవాళ పనికి వాడే మడత కత్తుల్లో చాలావాటికి క్లిప్ ఉంటుంది. పనికిరాని వస్తువైతే నలభై ఏళ్లకు పైగా నిలబడేదా?

ఇక ఎడమచేతి వాళ్ల సంగతి. కుడిచేతి వాళ్లు కూడా చదవండి, ఇది మీకూ పనికొస్తుంది.

క్లిప్ పెట్టే పద్ధతులు రెండు. మూసిన కత్తి జేబులో ఉన్నప్పుడు మొన పైకి ఉండేది ఒకటి, కిందికి ఉండేది ఒకటి. ఇప్పుడు ఎక్కువగా వచ్చేవి మొన పైకి ఉండేవే, ఎందుకంటే తీయగానే బొటనవేలు బ్లేడు మీదికి సరిగ్గా వస్తుంది. కానీ దాంట్లో ఒక ప్రమాదం ఉంది. మొన పైకి ఉంది కాబట్టి, కత్తి జేబులోనే కాస్త తెరుచుకుంటే చెయ్యి పెట్టినప్పుడు తగిలేది ఆ మొనే. కుడి జేబులో కుడి క్లిప్ ఉంటే ఆ భయం తక్కువ. బ్లేడు తెరుచుకునే వైపు జేబు బయటి కుట్టుకు ఆనుకుని ఉంటుంది, తెరుచుకోవడానికి చోటుండదు. అదే కత్తిని, అదే క్లిప్‌తో ఎడమ జేబులో పెట్టండి. అంతా తిరగబడుతుంది. కుట్టు వెనక్కి పోతుంది, బ్లేడు తెరుచుకునే వైపు జేబు ఖాళీలోకి, అంటే మన చెయ్యి దిగే చోటుకి వస్తుంది. ఎడమచేతి వాళ్లు క్లిప్ మార్చమని అడిగేది షోకు కోసం కాదు. వేళ్లు తెగకుండా ఉండటానికి.

కత్తి వచ్చిన రోజే స్క్రూలు విప్పి క్లిప్ అటు పెడదామని చూశాను. ఫోన్ టార్చ్ వేసి చూస్తే అసలు సంగతి బయటపడింది. రెండో పక్క ఉన్నవి రంధ్రాలే కావు. పైనున్న ప్లాస్టిక్‌లో మూడు గుంటలు, లోపల నల్ల రంగు. మొక్కజొన్న గింజంత లోతు కూడా లేదు. స్క్రూ పట్టే మరలు లేవు, వెనకాల ఇనుప రేకులో చిల్లు లేదు. గోడ మీద కిటికీ బొమ్మ గీసినట్టు! ఫొటోలో చూస్తే ఎవరికైనా రంధ్రాలే అనిపిస్తాయి, అలా అనిపించాలనే చేశారు. చాలా మంచి కత్తుల్లో పైన ప్లాస్టిక్ ఉన్నా లోపల స్టీలు రేకు ఉంటుంది, స్క్రూ మరలు ఆ రేకులో ఉంటాయి. క్లిప్ లాగినప్పుడు బరువు దాని మీద పడుతుంది.

వెంటనే ఫోన్ చేశాను. ‘ఏ పక్క పెట్టుకున్నా ఒకటే అన్నా, ఏం కాదు, ముందు వాడు. తిరుపతి వచ్చినప్పుడు తీసుకురా, నేనే మార్చిస్తా’ అన్నాడు. కత్తులు అమ్మి బతికే మనిషి కదా, ఆయనకు తెలియదా అనుకుని ఎడమ జేబులోనే పెట్టుకుని పనిలోకి పోయాను. క్లిప్‌కు బిగువు కూడా అంతంతమాత్రం. స్ప్రింగు గుణం లేని మెత్తటి రేకు, ఒకసారి బయటికి వంగితే మళ్లీ వెనక్కి రాదు. దామలచెరువు దగ్గర తోటలో వంగి పైపు లాగుతుంటే కత్తి జేబులోకి జారింది. తీద్దామని చెయ్యి పెట్టాను. చూపుడువేలు పక్కన, గోరు మొదలు దగ్గర చర్రున తెగింది. బ్లేడు అరంగుళం తెరుచుకుని ఉంది. తువ్వాలు చుట్టుకుని పాకాల పోయి కట్టు కట్టించుకున్నాను, టీటీ ఇంజెక్షన్ వేశారు. రెండు కుట్లు. పైపు కోసే చెయ్యే అది.

నిన్న పని మానుకుని తిరుపతి పోయాను. అసలు బాధంతా ఇక్కడే.

షాపులో ఇద్దరు కాలేజీ పిల్లలు కత్తులు చూస్తున్నారు. నేను గట్టిగా మాట్లాడలేదు, కత్తి కౌంటర్ మీద పెట్టి, వాయిస్ మెసేజ్ వినిపించి, కట్టు చూపించి, ‘మార్చిస్తావా, డబ్బులిస్తావా’ అని అడిగాను. ‘దీనికేముందన్నా, రెండు నిమిషాలు’ అన్నాడు. ఆ స్క్రూలు టార్క్స్ టీ6, ఆరు మొనల తల. కత్తులమ్మే షాపులో టీ6 బిట్ లేదు! చిన్న చప్పట స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పడం మొదలుపెట్టాడు. రెండు వచ్చాయి. మూడోదాని తల అరిగిపోయి గుండ్రంగా తయారైంది. కటింగ్ ప్లేయర్‌తో పట్టి పీకాడు. వద్దు, ఆపు అన్నాను. వినలేదు. ఏదో డబ్బాలోంచి మొన ఉన్న స్క్రూ ఒకటి తీసి, మరలు లేని ఆ గుంటలో పెట్టి, అరచేత్తో అదిమి తిప్పాడు. టక్ మని శబ్దం వచ్చింది. నల్ల ప్లాస్టిక్ మీద గుంట దగ్గర్నుంచి పిడి అంచుదాకా తెల్లటి గీత. నేను చూశాను, ఆయన చూశాడు, ఆ పిల్లలిద్దరూ చూశారు.

స్క్రూ వెనక్కి తీసి, చొక్కా అంచుతో పిడి తుడిచి, కత్తిని నా ముందుకు తోసి అన్నాడు: ‘ఇది నువ్వు తెచ్చినప్పుడే పగిలుందన్నా. నువ్వు విప్పి చూశానని నువ్వే చెప్పావు కదా. విప్పిన సరుకు వెనక్కి తీసుకోం.’

నాకు కాసేపు మాట రాలేదు. పైన కెమెరా ఉంది, చూద్దాం రా అన్నాను. అది పనిచేయడం లేదట. మరి నీ వాయిస్ మెసేజ్ సంగతేంటి అంటే నవ్వాడు. ‘క్లిప్ అంటే స్టైలుకన్నా. వాడేది బ్లేడు కదా. దానికింత గొడవ దేనికి? ఎడమచేతి వాళ్ల కోసం కంపెనీ వేరే చేస్తాదా? కుడి చేత్తో వాడడం నేర్చుకో, లోకమంతా కుడి చేత్తోనే వాడతా ఉంది.’

బళ్లో బలపం ఎడమ చేత్తో పట్టుకున్నానని వేళ్ల కణుపుల మీద స్కేలుతో కొట్టించుకుని పెరిగినవాణ్ని నేను. పెళ్లి విందులో ఎడమ చెయ్యి కదిలితే చూసే చూపులు నాకు తెలుసు. ఈ చేత్తోనే పని నేర్చుకున్నాను, ఈ చేత్తోనే ఇల్లు నడుపుతున్నాను. డబ్బులు తీసుకున్నప్పుడు ఎడమచేతి వాటం అని తెలిసే తీసుకున్నాడు. చెయ్యి తెగి, కట్టుతో ఎదురుగా నిలబడితే, నేర్చుకో అంటాడా? 1,650 పోయిందన్న దానికంటే ఆ మాట ఎక్కువ మండుతోంది.

కేసు పెడతానన్నాను. ‘కత్తి పట్టుకుని పోలీస్ స్టేషన్‌కు పోతావా? పో, నిన్నే లోపలేస్తారు’ అన్నాడు. ఇలా భయపెడితే కుర్రాళ్లు నిజమేననుకుని నోరు మూసుకుంటారు, అందుకే రాస్తున్నాను. ఆయుధ చట్టం నిబంధనల్లో చెప్పిన కత్తులు బ్లేడు పొడవు 9 అంగుళాలు దాటినవి, లేదా వెడల్పు 2 అంగుళాలు దాటినవి. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమలకు చేసిన వాటిని దాంట్లోంచి మినహాయించారు. నా కత్తి బ్లేడు మూడు అంగుళాలు, పైపులు కోసేది. బటన్ నొక్కితే ఎగిరి తెరుచుకునే వాటి సంగతి వేరు, వాటి జోలికి పోకండి. పని కత్తి అయినా అలిపిరి చెకింగ్ దాకా, ఎయిర్‌పోర్టు దాకా తీసుకుపోకూడదు, అది మీకు చెప్పక్కర్లేదు.

అయినా పోలీసుల దాకా ఎందుకు? మోసపు సరుకు అమ్మినందుకు పోవాల్సింది వినియోగదారుల కమిషన్‌కు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. దాంతో తేలకపోతే జిల్లా కమిషన్‌లో వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే చోటే కేసు వేయొచ్చు, అమ్మినవాడి ఊరికి తిరగక్కర్లేదు. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు కూడా లేదు. వాయిస్ మెసేజ్, ఫొటో, ఫోన్‌పే రసీదు, పాకాలలో రాసిన చీటీ అన్నీ దగ్గరున్నాయి.

కొనేవాళ్లకు నేను చెప్పగలిగింది కొంచెమే. షాపులోనే క్లిప్ విప్పించి చూడండి. రెండో పక్క రంధ్రంలో స్క్రూ వేళ్లతో తిప్పితేనే మరలు పట్టాలి. టీ6 బిట్ అక్కడే అడగండి, లేదంటే బయటికి వచ్చేయండి. క్లిప్‌ను మందపాటి జీన్స్ అంచుకు పెట్టి తీసి, మళ్లీ పెట్టి చూడండి, వెనక్కి రాకపోతే అది వట్టి రేకు. మూసిన కత్తిని మొన కిందికి పట్టుకుని గట్టిగా ఒకసారి విదిలించండి, బ్లేడు కదిలిందంటే జేబుకు పనికిరాదు. మంచి కత్తి దొరికితే స్క్రూలకు నీలం రంగు లాక్‌టైట్ (స్క్రూ వదులవ్వకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేసి బిగించండి, బండి మీద తిరిగేవాళ్లకు అవి వదులవుతూనే ఉంటాయి. ఆన్‌లైన్‌లో అయితే ఫొటో కాదు, ఎడమ పక్కకు క్లిప్ బిగించి చూపించే వీడియో అడగండి.

ఆ షాపులో ఇదే కత్తి కొన్నవాళ్లు, కుడిచేతి వాళ్లైనా సరే, రెండో పక్క గుంటల్లోకి టార్చ్ వేసి దగ్గర్నుంచి ఒక ఫొటో తీసి నాకు పంపండి. నిన్న అక్కడున్న ఆ ఇద్దరు పిల్లలు ఇది చదివితే, దయచేసి ఒక మెసేజ్ పెట్టండి. ఆ పిడి ఎవరి చేతిలో పగిలిందో మీరు చూశారు, అదొక్కటి రాసిస్తే చాలు.