నార్మల్ సెలైనా, రింగర్ లాక్టేటా: ఏది మేలు?

ఒంట్లో నీరు బాగా తగ్గిపోయిన రోగికి నరం ద్వారా ఏ ద్రవం ఎక్కించడం మేలని, శిక్షణకు వచ్చే నర్సింగ్ విద్యార్థులు ప్రతి బ్యాచ్‌లోనూ నన్ను అడుగుతూనే ఉంటారు. అయిదు శాతం డెక్స్‌ట్రోజ్ ఈ పోలికలోకి రాదు. అందులోని చక్కెర ఖర్చయ్యాక మిగిలే నీరు రక్తనాళాల్లో నిలవదు.

మిగిలినవి రెండు: నార్మల్ సెలైన్ (0.9 శాతం ఉప్పునీరు), రింగర్ లాక్టేట్ (ఉప్పుతో పాటు పొటాషియం, కాల్షియం, లాక్టేట్ కలిసిన ద్రవం). వీటి మధ్య తేల్చేది క్లోరైడ్ అని నా అభిప్రాయం. రక్తరసంలో క్లోరైడ్ లీటరుకు సుమారు 100 మిల్లీమోల్స్ ఉంటే, నార్మల్ సెలైన్‌లో 154 ఉంటుంది. పేరులోని 'నార్మల్'ను చూసి అది రక్తాన్ని పోలినదనుకోవడం పొరపాటు. ఒక్క సీసాతో సరిపోయే రోగి విషయంలో ఈ తేడాను అంతగా పట్టించుకోనక్కరలేదు గాని, లీటర్లకు లీటర్లు త్వరత్వరగా ఎక్కించవలసి వచ్చినప్పుడు ఆ అదనపు క్లోరైడ్ వల్ల రక్తంలో ఆమ్లత పెరుగుతుంది. రింగర్ లాక్టేట్‌లో క్లోరైడ్ దాదాపు 109 మాత్రమే. పైగా అందులోని లాక్టేట్‌ను ముఖ్యంగా కాలేయం వినియోగించుకునే క్రమంలో ఆమ్లతను తగ్గించే బైకార్బొనేట్ తయారవుతుంది. కలరా రోగులకు ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికే ప్రాధాన్యమిచ్చి, ఇది దొరకనప్పుడు సెలైన్ వాడమంటుంది.

రింగర్ లాక్టేట్‌లో పొటాషియం ఉందన్న భయంతో కొందరు వెనుకాడతారు. ఉన్నది లీటరుకు 4 మిల్లీమోల్స్, అంటే రక్తంలో మామూలుగా ఉండేంతే. అసలు సెలైన్ తెచ్చిపెట్టే ఆమ్లతే కణాల్లోని పొటాషియాన్ని రక్తంలోకి నెట్టగలదు.

2018లో వెలువడిన స్మార్ట్ అధ్యయనంలో, 15 వేలకు పైగా ఐసీయూ రోగుల్లో, మరణాన్నీ, కొత్తగా డయాలిసిస్ అవసరం కావడాన్నీ, మూత్రపిండాల పనితీరు కోలుకోకపోవడాన్నీ కలిపి చూస్తే సెలైన్ వర్గంలో 15.4 శాతం, రింగర్ లాక్టేట్ వంటి సమతుల్య ద్రవాల వర్గంలో 14.3 శాతం తేలింది. తేడా స్వల్పమే. 2022 నాటి ప్లస్ అధ్యయనంలోనైతే మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అయినా నష్టం లేనప్పుడు ఆ స్వల్ప లాభాన్ని రోగికి ఎందుకు దూరం చేయాలి?

సెలైన్‌దే పైచేయి అయిన సందర్భాలూ ఉన్నాయి. తలకు బలమైన దెబ్బ తగిలినవారికి రింగర్ లాక్టేట్ రక్తం కన్నా కాస్త పలచన కనుక మెదడు వాపు పెరగవచ్చు. ఎడతెగని వాంతులతో క్లోరైడ్ కోల్పోయినవారికి సెలైనే తగినది. రక్తం ఎక్కించే లైన్‌లోనూ సెలైనే ఉండాలి. రింగర్ లాక్టేట్‌లోని కాల్షియం రక్తాన్ని గడ్డకట్టించవచ్చు. ఆ కాల్షియమే సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్‌తో కలిస్తే అవక్షేపం ఏర్పడుతుంది. పెద్దలకైతే ఒకటి ముగిశాక లైన్‌ను సెలైన్‌తో శుభ్రంగా కడిగి రెండోది ఇవ్వవచ్చు. 28 రోజుల లోపు పసికందులకు మాత్రం వేరే లైన్‌లోనైనా సరే, ఈ రెండూ ఇవ్వకూడదు.