బరువు తగ్గాలంటే కేలరీల లెక్క మేలా, తిండి ఎంపిక మేలా?

మా పాలకొల్లు వైపు ఇళ్లలో భోజనమంటే కంచంలో నాలుగు సార్లు అన్నం పెట్టుకోవడం: పప్పుతో ఒకసారి, కూరతో ఒకసారి, పులుసుతోనో చారుతోనో మరోసారి, చివర పెరుగుతో ఇంకోసారి. ఇలా తినే ఇంట్లో బరువు తగ్గాలనుకున్న మనిషి ముందుగా తేల్చుకోవలసింది, ఎంత తింటున్నామన్నది చూసుకోవాలా, ఏం తింటున్నామన్నది చూసుకోవాలా అని. రెండేళ్ల కిందట నేనూ మా అక్కా ఒకే నెలలో మొదలుపెట్టి చెరొక దారి పట్టాం. నేను కేలరీలు లెక్క రాసుకున్నాను. అక్క ఏ లెక్కా లేకుండా, తినే పదార్థాలను మాత్రం మార్చుకుంది. మా ఇద్దరి అనుభవం శాస్త్రానికి రుజువు కాదు గనుక, పెద్ద ఎత్తున జరిగిన పరిశీలనలు ఏం చెబుతున్నాయో కూడా దానితో కలిపి చూడాలి.

మొదటి దారికి బలమైన ఆధారాలే ఉన్నాయి. శరీరం ఖర్చు చేసే శక్తి కంటే తిండిలో వచ్చేది తక్కువైతే, ఆ లోటును అది చాలావరకు నిల్వ ఉన్న కొవ్వుతో పూడ్చుకుంటుంది. ఎక్కువైతే మిగిలినదాన్ని దాచుకుంటుంది. బిర్యానీకైనా కొర్రల అన్నానికైనా ఈ నియమం ఒక్కటే. పిండిపదార్థాలు, మాంసకృత్తులు ఒక్కో గ్రాముకు సుమారు 4 కేలరీలు ఇస్తే, నూనె, నెయ్యి వంటి కొవ్వులు 9 ఇస్తాయి. 2009లో వెలువడిన ఒక అమెరికా పరిశీలనలో 811 మందిని నాలుగు జట్లుగా చేసి, పిండి, మాంసకృత్తులు, కొవ్వుల పాళ్లు వేరువేరుగా ఉన్న నాలుగు ఆహార పద్ధతులను రెండేళ్ల పాటు ఇచ్చారు. కేలరీల కోత అన్నిటిలోనూ సమానం. రెండేళ్ల తర్వాత నాలుగు జట్లూ తగ్గిన బరువులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంతకంటే విడ్డూరంగా, 2010లో కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో పోషకాహారం బోధించే మార్క్ హౌబ్ అనే ఆచార్యుడు రోజుకు 1,800 కేలరీల లోపు ఉండేలా చూసుకుంటూ, ఎక్కువ భాగం ప్యాకెట్టు కేకులు, చిప్స్ వంటివే తిని పది వారాల్లో సుమారు 12 కిలోలు తగ్గాడు. ఆ తిండిని ఆయన ఎవరికీ సిఫారసు చేయలేదు. త్రాసు మీది అంకెను నిర్ణయించేది మొత్తం కేలరీలేనని చూపించాడు.

నేనూ ఆ నమ్మకంతోనే మూడు నెలల్లో ఆరు కిలోలు తగ్గాను. తర్వాతి ఐదు నెలల్లో నాలుగు కిలోలు తిరిగి వచ్చాయి. ఎందుకు వచ్చాయో ఒక ఆదివారం వంటింట్లో అర్థమైంది. గుత్తి వంకాయ కూర చేసిన ఆ రోజు నూనె సీసాను వంటకు ముందొకసారి, వంటయ్యాక మరొకసారి త్రాసు మీద పెట్టి చూశాను. 80 గ్రాములు తగ్గింది. అర కిలో వంకాయల్లో ఉన్నవి 125 కేలరీలైతే, వాటిని మగ్గించిన నూనెలో ఉన్నవి 720. కూరలో పెట్టిన వేరుశనగ, నువ్వుల పొడి లెక్క వేరే. నలుగురం పంచుకున్నా నా వంతుకు నూనె, వంకాయ కలిపే 200 దాటాయి. నా పుస్తకంలో మాత్రం ఆ కూర ఎప్పుడూ 100 కేలరీలే. అన్నం కూడా అంతే. బియ్యం 100 గ్రాములకు 350 కేలరీలని నాకు తెలుసు గానీ, మారు వడ్డించుకున్న అన్నాన్ని ఏ రోజూ తూచలేదు. ఇది నా ఒక్కడి పొరపాటు కాదు. 1992లో అమెరికాలో, ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదని చెప్పుకున్న పదిమందిని నిశితంగా పరీక్షిస్తే, వారు తాము తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగా చెబుతున్నారని తేలింది. అబద్ధమాడాలని కాదు, మనిషి కంటికి తిండి కొలత అందదు. లెక్క నిజం, లెక్క రాసే చేయి నమ్మదగింది కాదు. అక్క మొదట్లోనే అన్నది: "ఒరేయ్, కూర గరిటెతో పెట్టుకుంటాం గానీ ఎవరైనా త్రాసుతో పెట్టుకుంటారా?"

అక్క చేసిన మార్పులు చూడటానికి చిన్నవే. పొద్దున ఇడ్లీల సంఖ్య తగ్గించి రెండు ఉడికించిన గుడ్లు, లేదా తక్కువ నూనెతో పెసరట్టు. మధ్యాహ్నం చేపల పులుసో, రొయ్యలు వేసిన తోటకూరో ముందు కడుపునిండా తిని, ఆ తర్వాతే అన్నం. సాయంత్రం బజ్జీల బదులు జామకాయ. రోజుకు ఐదు టీల్లో పడే పంచదారను పూర్తిగా మానేసింది. కప్పుకు రెండు చెంచాల చొప్పున అదొక్కటే 200 కేలరీలని ఆమెకు తెలియదు, తెలియవలసిన అవసరమూ రాలేదు. ఎనిమిది నెలల్లో ఏడు కిలోలు తగ్గింది, ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇందుకు కారణం కడుపు నిండే తీరులోనే ఉంది. మాంసకృత్తులు అరగడానికే వాటిలోని శక్తిలో 20 నుంచి 30 శాతం ఖర్చవుతుంది. కొవ్వుకు ఆ ఖర్చు 3 శాతం దాటదు. పీచు, నీరు ఎక్కువగా ఉన్న పదార్థాలు తక్కువ కేలరీలతోనే కంచం నింపుతాయి. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు ఇరవైమందిని ఆసుపత్రిలోనే ఉంచి, రెండు వారాలు కార్ఖానాల్లో తయారైన ప్యాకెట్టు తిండి, మరో రెండు వారాలు ఇంటివంట లాంటి తిండి పెట్టారు. ముందుంచిన భోజనాల్లో కేలరీలు, పంచదార, కొవ్వు, పీచు సమానం. ఎంత కావాలంటే అంత తినవచ్చు. ప్యాకెట్టు తిండి రోజుల్లో వారు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిని దాదాపు కిలో పెరిగారు, రెండో తిండిలో దాదాపు అంతే తగ్గారు. కేలరీలే బరువును నిర్ణయించాయి, ఆ కేలరీలు ఎన్ని అన్నది మాత్రం తిండి నిర్ణయించింది. ఈ ప్రశ్నకు నాకు దొరికిన అసలు జవాబు ఇదే.

అయితే ఎంపిక పేరుతో జరిగే పొరపాట్లు మన జిల్లాల్లో తక్కువేమీ కావు. ఆత్రేయపురం పూతరేకులో పంచదార బదులు బెల్లం ఉంటే బరువు పెరగదని చాలామంది నమ్మకం. బెల్లంలోనూ గ్రాముకు దాదాపు 4 కేలరీలే, నెయ్యి ఎలాగూ అదే నెయ్యి. పైగా నోట్లో పెట్టుకోగానే కరిగిపోయే ఆ రేకు ఎన్ని తిన్నా కడుపులో బరువు తెలియదు. బియ్యం మాని కొర్రలు, సామలు తెచ్చుకునేవారు 100 గ్రాముల దగ్గర కేలరీల తేడా చాలా స్వల్పమని గమనించాలి; పీచు వల్ల కొంత తక్కువ తినగలిగితేనే ప్రయోజనం. మన మారుటేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన స్వర్ణ రకం బియ్యం రక్తంలో చక్కెరను కొన్ని ఇతర రకాలంత వేగంగా పెంచదని తేలింది. షుగరు ఉన్నవారికి అది పనికొచ్చే సంగతే. కానీ స్వర్ణ అన్నం నాలుగోసారి వడ్డించుకుంటే త్రాసుకు ఆ సుగుణం తెలియదు.

అన్నం పూర్తిగా మాని కొవ్వు మీద ఆధారపడే పద్ధతుల్లో మొదటి వారంలో దిగే కిలోల్లో చాలా భాగం నీరు, ఎందుకంటే శరీరంలో నిల్వ ఉన్న పిండిపదార్థం తనతోపాటు నీటిని పట్టి ఉంచుతుంది. 2018లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 609 మందిని ఏడాది పాటు గమనిస్తే, కొవ్వు తగ్గించినవారు 5.3 కిలోలు, పిండి తగ్గించినవారు 6 కిలోలు తగ్గారు. అది లెక్కలోకి వచ్చే తేడా కాదు. ఆ రెండు జట్లకూ కేలరీల పరిమితి ఏమీ పెట్టలేదు, కూరగాయలు పెంచి పంచదార, మైదా తగ్గించమని మాత్రం చెప్పారు.

కాబట్టి ఎవరికి ఏది మేలన్నది ఇలా తేల్చుకుంటాను. ఇంట్లో వండి నలుగురికీ వడ్డించే మనిషికి, రాత పని మీద ఓపిక లేనివారికి, అక్క దారే మేలు. తిండి అంతా మంచిదే తింటున్నాను, అయినా త్రాసు కదలడం లేదు అనేవారికి రెండు వారాల పాటు లెక్క తప్పనిసరి; నూనె, పచ్చికొబ్బరి, వేరుశనగలు, మారు అన్నం ఎక్కడ దాక్కున్నాయో అది తప్ప మరేదీ చూపించదు. షుగరుకు మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడేవారు మాత్రం అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాక్టరుతో మందు మోతాదు మాట్లాడుకున్న తర్వాతే వారు కంచం మార్చాలి.

ఇప్పుడు నేను అక్కలాగే తింటున్నాను, నెలకొక వారం మాత్రం తూచుకుంటున్నాను. పోయిన నెల గుత్తి వంకాయకు సీసాలో తగ్గిన నూనె 45 గ్రాములు. రుచి తగ్గిందని ఇంట్లో ఎవరూ అనలేదు.