బెర్లిన్‌లో వికీడేటా ఐదో పుట్టినరోజు: బసలు, టికెట్లు, ఒక పెనుగాలి

వికీపీడియాకు తోడుగా ఉండే, ఎవరైనా దిద్దగలిగే సమాచార నిధి వికీడేటాకు ఐదేళ్లు నిండిన సందర్భంగా 2017 అక్టోబరు 28, 29 తేదీల్లో బెర్లిన్ నగరంలో జరిగిన దాని మొదటి సమావేశం వికీడేటాకాన్‌కు నేను వెళ్లివచ్చాను. అప్పుడు ఏ రోజుకారోజు రాసి పెట్టుకున్న వివరాలను ఇక్కడ ఒక వరుసలో పెడుతున్నాను. వికీడేటాలో పనిచేసేవారికి ఒక అలవాటు అబ్బుతుంది: ఒక ఊరి జనాభా రాస్తే అది ఏ సంవత్సరం నాటిదో, ఎక్కడి నుంచి తీసుకున్నామో పక్కనే రాయకుండా చేయి ఊరుకోదు. అందుకని ముందే చెబుతున్నాను, ఇందులోని ధరలు, బస్సు మార్గాలు 2017 నాటివి; నేను దిగిన విమానాశ్రయమైతే ఇప్పుడు లేనే లేదు.

తెలుగు వికీపీడియాలో 2012కు ముందు నుంచీ రాస్తున్నవారికి ఈ పుట్టినరోజు విలువ వేరుగా చెప్పనక్కరలేదు. ఆ రోజుల్లో ఒక వ్యాసాన్ని ఇతర భాషల వ్యాసాలతో కలపాలంటే లంకెల జాబితాను ప్రతి భాషలోని వ్యాసం అడుగునా విడివిడిగా రాయవలసి వచ్చేది. ఒక విషయంపై వంద భాషల్లో వ్యాసాలుంటే, పేజీకి తొంభైతొమ్మిది చొప్పున మొత్తం 9,900 లంకెలు. వాటిలో ఒక్క వ్యాసం పేరు మారినా మిగిలిన తొంభైతొమ్మిది చోట్లా దిద్దాలి. ఆ దిద్దుబాట్లకోసం బాట్లు, అంటే వాటంతటవే దిద్దే ప్రోగ్రాములు, రాత్రింబవళ్లు తిరిగేవి, ఇటీవలి మార్పుల పేజీలో మనుషులు చేసిన పని వాటి మధ్య వెతుక్కోవలసి వచ్చేది. 2012 అక్టోబరు 29న మొదలైన వికీడేటా ఈ లంకెలన్నిటినీ ఒక్కచోటికి తెచ్చి, ప్రతి విషయానికీ ఒక అంశాన్ని, ఆ అంశానికి ఒక సంఖ్యను ఇచ్చింది. మొట్టమొదట సృష్టించిన అంశం ఆఫ్రికా ఖండం, దాని సంఖ్య క్యూ15. తెలుగు భాష క్యూ8097, హైదరాబాదు క్యూ1361, నేను వెళ్లిన బెర్లిన్ క్యూ64. 2013 జనవరిలో హంగేరియన్ వికీపీడియా అందరికంటే ముందు ఈ పద్ధతిలోకి మారింది.

వీసా గురించి ఎక్కువ చెప్పను. జర్మనీతో పాటు పలు ఐరోపా దేశాలకు చెల్లే షెంగెన్ వీసా రుసుము అప్పట్లో 60 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపోయే ప్రయాణ బీమా తప్పనిసరి. దరఖాస్తు ఇచ్చేచోట "ఈ పనికి మీకు జీతం ఎవరిస్తారు?" అని అడిగారు. ఎవరూ ఇవ్వరని చెబితే నమ్మడానికి వారికి కొంత సమయం పట్టింది. నిర్వాహకులు పంపిన ఆహ్వాన లేఖ అక్కడ బాగా అక్కరకు వచ్చింది.

అక్టోబరు 27, శుక్రవారం మధ్యాహ్నం దోహా మీదుగా టేగెల్ విమానాశ్రయం చేరాను. పాతబడిపోయింది, ఇరుకైపోయింది అని అందరూ విసుక్కునే ఆ విమానాశ్రయం నాకు మాత్రం నచ్చింది. షట్కోణాకారంలో కట్టిన దాని ప్రధాన టెర్మినల్‌లో గేటుకూ బయటి రోడ్డుకూ మధ్య దూరం కొద్ది అడుగులే. మెట్రోగానీ రైలుగానీ అక్కడికి రావన్నది ఒక్కటే పెద్ద లోపం, నగరంలోకి బస్సే గతి. ఆనాడు అక్కడ మామూలు సందడి కాకుండా ఏదో వీడ్కోలు వాతావరణం కనిపించింది. కారణం తరువాత తెలిసింది: ఎయిర్ బెర్లిన్ సంస్థ విమానాలు నడిపిన ఆఖరి రోజు అది, చివరి విమానం ఆ రాత్రే టేగెల్‌లో దిగింది. మా సముదాయంలో ఎవరో ఒకరు అర్ధరాత్రి దాకా మేలుకుని వికీడేటాలో ఆ సంస్థ అంశంలో "రద్దయిన తేదీ" చేర్చే ఉంటారని నా అనుమానం. 2020 అక్టోబరు 31న కొత్త విమానాశ్రయం తెరిచారు, ఆ మరుసటి వారమే టేగెల్ మూతపడింది. కాబట్టి పాత యాత్రా వ్యాసాల్లో కనిపించే, టేగెల్ నుంచి నగరంలోకి నడిచిన టీఎక్స్ఎల్ బస్సు సలహాలను ఇప్పుడెవరూ నమ్ముకోకూడదు.

రవాణా విషయంలో బెర్లిన్‌కు మంచి మార్కులే వేస్తాను. నగరాన్ని ఏ, బీ, సీ అని మూడు మండలాలుగా విడదీశారు; మామూలు యాత్రికుడి తిరుగుడంతా ఏబీ టికెట్టుతో సరిపోతుంది. ఒక ప్రయాణానికి 2.80 యూరోలు, ఏడు రోజులకు 30 యూరోలు. నేను అక్టోబరు 27 నుంచి నవంబరు 2 వరకు ఉన్నాను, సరిగ్గా ఏడు రోజులు. రోజుకు రెండు ప్రయాణాలు చేసినా విడి టికెట్లకు 39.20 యూరోలయ్యేవి. అదే టికెట్టు బస్సుకు, భూగర్భ రైలుకు, ఎస్-బాన్ అనే నగర రైలుకు, ట్రాముకు చెల్లుతుంది. అయితే ఒక మెలిక ఉంది. యంత్రంలో టికెట్టు కొన్నాక ప్లాట్‌ఫాం మీద ఉన్న చిన్న పెట్టెలో దూర్చి ముద్ర వేయించుకోవాలి. కొని జేబులో పెట్టుకుంటే చెల్లదు, తనిఖీలో దొరికితే 60 యూరోల జరిమానా. స్టేషన్లలో అడ్డుగేట్లు ఉండవు గనుక మనకు ఈ సంగతి గుర్తుచేసేవారూ ఉండరు.

నేను మొదట దిగిన హాస్టల్‌ను ఎంచుకోవడానికి కారణం సమావేశ స్థలానికి నడిచి వెళ్లగలిగే దూరం. బుకింగ్ సైటులోని పటంలో అది లాండ్‌వేర్ కాలువకు ఉత్తరపు ఒడ్డున ఉంది. యూ7 మెట్రోలో మెకర్న్‌బ్రూకె స్టేషన్‌లో దిగి, ఉత్తరపు ఒడ్డున పెట్టె ఈడ్చుకుంటూ అరగంట వెతికాక తేలిందేమిటంటే, అసలు భవనం దక్షిణపు ఒడ్డున ఉంది. పటం మీద గుర్తు కాలువ దాటిపోయింది, దాన్ని నమ్మి నేనూ దాటాను. అక్షాంశ రేఖాంశాలు సరిచేయడానికి సెలవు రోజులు ఖర్చుపెట్టే మనిషికి ఇలాంటి అనుభవం ఎదురవడంలో ఒక న్యాయం ఉందేమో. ఆరు పడకల గది శుభ్రంగానే ఉంది, స్నానాల గదిలో వేడినీళ్లకు కొరత లేదు, వైఫై మాత్రం మెట్ల దగ్గర కూర్చుంటేనే అందేది. దుప్పటికి వేరే డబ్బు, బీరువాకు తాళం మనమే తెచ్చుకోవాలి. ఈ రెండు సంగతులూ బుక్ చేసేటప్పుడు ఎక్కడా కనిపించలేదు.

వీటికి తోడు అప్పట్లో ఐదు శాతం నగర పన్ను. ఇది హాస్టల్ వారు వేసింది కాదు, బెర్లిన్ నగరం వసూలు చేసేది. ఉద్యోగ పని మీద వచ్చినవారికి అప్పట్లో మినహాయింపు ఉండేది. పని మీదే వచ్చానన్నాను. అయితే మీ యజమాని ఇచ్చిన ధ్రువపత్రం చూపించండని కౌంటరులోని అమ్మాయి మర్యాదగానే అడిగింది. స్వచ్ఛందంగా చేసే పనికి యజమాని ఎవరో ఆలోచిస్తూ పన్ను కట్టేశాను.

ఆదివారం సాయంత్రం షోనెబెర్గ్ ప్రాంతంలో నోలెన్‌డోర్ఫ్‌ప్లాట్జ్ దగ్గరున్న ఒక చిన్న కుటుంబ వసతి గృహానికి మారాను. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, అద్దె హాస్టల్‌కు రెట్టింపు పైన. అయినా రెంటిలో నేను సిఫారసు చేసేది దీన్నే. ఒంటరి గది, రాసుకోవడానికి బల్ల, ఉదయం రొట్టె, జున్ను, పళ్లు, కావలసినంత కాఫీ అద్దెలోనే కలిసి ఉన్నాయి, చెప్పిన ధరకు మించి ఒక్క సెంటు అడగలేదు. సమావేశం రెండు రోజులు కేవలం పడుకోవడానికి హాస్టల్ చాలు. ఆ తరువాత నగరం చూడదలచినవారు అక్కడే ఉండిపోవడం అనవసరం.

సమావేశం టాగెస్‌ష్పీగల్ దినపత్రిక భవనంలో జరిగింది, నిర్వహించినది వికీపీడియా, వికీడేటాలకు జర్మనీలో అండగా ఉండే సంస్థ వికీమీడియా జర్మనీ. చోటు ఎంపికకు వంక పెట్టలేను: ఎదురుగానే ఆన్‌హాల్టర్ బాన్‌హోఫ్ ఎస్-బాన్ స్టేషన్, గుమ్మం ముందు బస్సులు. చిక్కల్లా విరామ సమయాల్లోనే వచ్చేది. మెట్ల మీద, కాఫీ బల్లల దగ్గర జనం కిక్కిరిసి, సగం మాటలు వినబడకుండా పోయేవి. శాకాహారులకు మాత్రం ఏ లోటూ లేదు. పుట్టినరోజు అన్నాక కేకు ఉంది, కానీ ఈ సముదాయంలో అసలు సంబరం కానుకలది. వికీడేటా పుట్టినరోజుకు కానుకంటే ఎవరో ఒకరు సొంత సమయంలో రాసిన ఉపకరణం, కొత్త అన్వేషణ, దిద్దిన దోషాల మూట. దాన్ని అందరి ముందు తెరిచి చూపిస్తారు. వచ్చినవారిలో గ్రంథాలయాధికారులు, జన్యుశాస్త్రజ్ఞులు, పాత చిత్రపటాల జాబితాలు కట్టేవారు ఉన్నారు. వీరందరూ ఒకే గదిలో ఎలా పడతారన్నదానికి జవాబు ఈ డేటాకున్న సీసీ0 లైసెన్సులో ఉంది. ఎవరైనా, దేనికైనా, అడగకుండా వాడుకోవచ్చు.

నాకు బాగా గుర్తున్న సంభాషణ మాత్రం వేదిక మీద జరిగినది కాదు. అప్పటికి వికీడేటాలో విషయాలకు చోటుందిగానీ పదాలకు లేదు. పదాలను కూడా చేర్చే ఏర్పాటు సాగుతోందని అందరూ మాట్లాడుకుంటున్నారు. భోజనాల దగ్గర ఒక ఫిన్లాండు ఆయన, మీ భాషలో ఒక నామవాచకానికి ఎన్ని రూపాలుంటాయని అడిగారు. కాగితం రుమాలు మీద ఇల్లు, ఇంటి, ఇంటికి, ఇంట్లో, ఇళ్లు, ఇళ్లకు అని తెలుగులిపిలో రాసి, పక్కన ఉచ్చారణ వివరించాను. ఒకే పదంలో "ల్లు" పోయి "ంటి" ఎక్కడి నుంచి వచ్చిందని ఆయన వెంటనే పట్టుకున్నారు. విభక్తులు దండిగా ఉన్న భాష వారికి ఇది వివరించడం ఎంత తేలికో అప్పుడే తెలిసింది. ఆ ఏర్పాటు మరుసటి ఏడాది మే నెలలో లెక్సీముల పేరుతో అమలులోకి వచ్చింది.

ఆదివారం, అంటే అసలు పుట్టినరోజు నాడు, రెండు విచిత్రాలు కలిసి వచ్చాయి. తెల్లవారుజామున మూడు గంటలకు గడియారాలన్నీ ఒక గంట వెనక్కి జరిగాయి. ఇంటికి ఫోను చేయడానికి అప్పటివరకు మూడున్నర గంటలున్న తేడా నాలుగున్నర అయింది. అదే రోజు హెర్వార్ట్ అని పేరుపెట్టిన పెనుగాలి ఉత్తర జర్మనీని ఊపేసింది. చెట్లు కూలాయి, బెర్లిన్ అగ్నిమాపక దళం అత్యవసర స్థితి ప్రకటించింది, దూర ప్రయాణపు రైళ్లను ఆపేశారు. ఆ సాయంత్రమే రైలెక్కి హాంబర్గుకో ఇంకెక్కడికో వెళ్లవలసినవారు హాలులో ఫోన్లు చూసుకుంటూ నిలబడ్డారు. బెర్లిన్‌లో ఇళ్లున్నవారు కొందరు మా సోఫా ఖాళీగా ఉందంటూ ముందుకు వచ్చారు. మెట్రో నడుస్తూ ఉండడంవల్ల గాలి తెరిపిచ్చాక నేను నా కొత్త బసకు చేరగలిగాను. రాబోయేవారికి నా సలహా ఒక్కటే: సమావేశం ముగిసిన రాత్రికే తిరుగు ప్రయాణం పెట్టుకోవద్దు.

జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయని వినే వెళ్లాను. తెలియనిదేమిటంటే, క్రైస్తవ మతసంస్కరణోద్యమానికి 500 ఏళ్లు నిండాయని ఆ ఒక్క సంవత్సరానికి మంగళవారం, అక్టోబరు 31న దేశమంతటా సెలవు ఇచ్చారు. సరుకులకు సోమవారమే దిక్కు. ప్రధాన రైల్వే స్టేషన్‌లోని దుకాణాలు సెలవు నాడు కూడా తెరిచే ఉంటాయని ఆకలి వేశాకగానీ తెలుసుకోలేదు.

చూసిన చోట్లలో రెంటి గురించే చెబుతాను. ఆన్‌హాల్టర్ బాన్‌హోఫ్ ఒకప్పటి మహా రైల్వే స్టేషన్. యుద్ధంలో దెబ్బతిని, తరువాత కూల్చగా ముఖద్వారపు ముక్క ఒకటి మాత్రం మిగిలింది. 1942–45 మధ్య ఇక్కడి నుంచి వేలమంది యూదులను నాజీలు తెరేజిన్‌స్టాట్ నిర్బంధ శిబిరానికి తరలించారు. అక్కడికి కొద్ది నిమిషాల నడకలో, నాజీల రహస్య పోలీసు దళం గెస్టాపో ప్రధాన కార్యాలయం ఉండిన స్థలంలో, టోపోగ్రఫీ ఆఫ్ టెర్రర్ అనే ప్రదర్శనశాల ఉంది, ప్రవేశం ఉచితం. మనుషులను జాతి పేరిట వర్గీకరించి, జాబితాలు కట్టి, ఆ జాబితాల ప్రకారం రైలెక్కించిన యంత్రాంగం అక్కడి గోడల మీద పత్రాలు, చాయాచిత్రాలుగా కనిపిస్తుంది. రెండు రోజులపాటు జాబితాల గొప్పతనం విని వచ్చిన నాకు అక్కడ నోట మాట రాలేదు. వికీడేటాలో ఒక మనిషి జాతిని రాయాలంటే ఆ మనిషే స్వయంగా చెప్పుకుని ఉండాలి, లేదా పండితులు విస్తృతంగా అంగీకరించి ఉండాలి అనే నియమం ఉంది. అంతకుముందు అది నాకు పనికి అడ్డుపడే చాదస్తంలా తోచేది. ప్రదర్శనకు కనీసం మూడు గంటలు కేటాయించాలి, చివరి గంటకు వెళ్లడం దండగ.

బుధవారం సాంకేతిక మ్యూజియానికి వెళ్లాను. టికెట్టు 8 యూరోలు, సోమవారం సెలవు. జర్మన్ ఇంజనీరు కొన్రాడ్ ట్సూజె 1936–38లో ఇదే నగరంలో తన తల్లిదండ్రుల ఇంటి హాలులో నిర్మించిన జెడ్1 గణన యంత్రం యుద్ధకాలపు బాంబు దాడుల్లో నాశనమైంది. ఆయనే ముసలితనంలో మళ్లీ కట్టిన ప్రతి ఇక్కడ ఉంది. పల్చని లోహపు రేకులు వేలకొద్దీ ఒకదానిపై ఒకటి, పెద్ద భోజనాల బల్ల అంత మేర పరిచి ఉన్నాయి. ఒక్కో రేకు ముందుకో వెనక్కో జరిగి సున్నానో ఒకటో చెబుతుంది. సెలవు దినాల్లో బడిపిల్లల రద్దీ ఎక్కువని ద్వారం దగ్గరి పెద్దాయన చెప్పారు, బుధవారం ఉదయం కాబట్టి నేను ఆ యంత్రం ముందు ఒక్కడినే చాలాసేపు నిలబడగలిగాను. మ్యూజియం నుంచి కాలువ వెంబడి నడిస్తే దగ్గరలోనే వికీమీడియా జర్మనీ కార్యాలయం. ఇంకొంత ముందుకు వెళితే, కాలువకు అవతలి ఒడ్డున, నా హాస్టల్ ఉందని పటం చెప్పిన చోటు కనిపించింది. అక్కడ ఖాళీ కాలిబాట, ఒక చెట్టు ఉన్నాయి. హాస్టల్ వారికి సరైన అక్షాంశ రేఖాంశాలు ఆ రాత్రే రాసి పంపాను. జవాబు రాలేదు, గుర్తు మాత్రం నెల తిరిగేసరికి కాలువ దాటి తన చోటికి వచ్చింది.